గడ్డుకాలంలో ధనం - విశ్వాసి వైఖరి

ధనం సమృద్ధిగా ఉన్నప్పుడు మనిషి స్వభావం కొంతవరకే బయటపడుతుంది. అది తరిగిపోతున్నప్పుడు పూర్తిగా బయటపడుతుంది. ధరలు పెరిగి జీతం చాలని రోజుల్లో, పని దొరకక ఇంటిపట్టున ఉండవలసిన రోజుల్లో, దుకాణంలో బేరాలు లేక అద్దె మీదపడిన రోజుల్లో మనిషి తన ప్రభువును ఎలా తలుస్తాడు, భార్యాపిల్లలతో ఎలా మాట్లాడతాడు, అప్పిచ్చినవాడికి ఎలా ముఖం చూపుతాడు, తనకంటే లేనివాడు తలుపు తడితే ఏమి చేస్తాడు - ధనంతో అతనికున్న సంబంధం ఎలాంటిదో ఈ విషయాలే తెలియజేస్తాయి.

దివ్యఖుర్ఆన్ 89వ సూరా అల్ ఫజ్ర్‌లో 15, 16 ఆయతులు మానవుని ఒక పాత పొరపాటును ఎత్తిచూపుతున్నాయి. ప్రభువు అతన్ని కలిమితో పరీక్షిస్తే తనకు గౌరవం దక్కిందని అనుకుంటాడు. ఉపాధిని కుదించి పరీక్షిస్తే తనకు అవమానం జరిగిందని వాపోతాడు. మరుసటి ఆయతు 'కల్లా' అనే పదంతో, అనగా 'ఎంతమాత్రం కాదు' అని, ఈ రెండు తలంపులనూ ఒక్కసారిగా త్రోసిపుచ్చుతుంది. ఆ వెంటనే వచ్చే ప్రస్తావన అనాథను గౌరవించకపోవడం గురించి, నిరుపేదకు అన్నం పెట్టడానికి ఒకరినొకరు ప్రోత్సహించుకోకపోవడం గురించి.

ఈ క్రమం ఆలోచించదగినది. కలిమి దైవప్రసన్నతకు రుజువు కాదు, లేమి దైవాగ్రహానికి గుర్తు కాదు. రెండూ పరీక్షలే. పరీక్షలో అడిగేది చేతిలో ఎంత ఉందని కాదు, ఉన్నదానితో ఏమి చేశారని. ఈ ఒక్క విషయం మనసుకు పట్టిన కుటుంబం గడ్డుకాలాన్ని కష్టంగానైనా దాటుతుంది. పట్టని కుటుంబంలో లేమికి తోడు భయం, బూటకం, కలహం కూడా వచ్చి చేరతాయి. ఇల్లు కూలేది చాలాసార్లు వీటివల్లనే.

ధనం స్థానం ఏమిటి?

ధనాన్ని గురించి సమాజంలో రెండు అతివాదాలున్నాయి. ఒకటి, ధనమే సర్వస్వమనడం. రెండవది, ధనం మలినమనీ, దరిద్రమే పుణ్యమనీ అనడం. ఇస్లాం ఈ రెంటినీ అంగీకరించదు. అన్నిసా సూరా 5వ ఆయతు ఆస్తిని అవివేకుల చేతిలో పెట్టవద్దని చెబుతూ, దాన్ని అల్లాహ్ మానవుల జీవనానికి ఆధారంగా చేశాడని పేర్కొంటుంది. ఇల్లు నిలవడానికి స్తంభం ఎలాంటిదో కుటుంబం నిలవడానికి ధనం అలాంటిది. స్తంభాన్ని ఎవరూ పూజించరు. అలాగని నరికి పొయ్యిలోనూ పెట్టరు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) నిరాడంబరంగా జీవించారు. అయినా దారిద్ర్యం నుండి, సత్యతిరస్కారం నుండి కాపాడమని ఆయన అల్లాహ్‌ను వేడుకునేవారు. లేమి సహించవలసిన కష్టమే గాని కోరుకోవలసిన భాగ్యం కాదని దీనివల్ల తెలుస్తుంది. మరొక హదీసులో ఆయన నిజమైన కలిమి వస్తువుల రాశిలో లేదనీ, మనసు కలిమిలో ఉందనీ బోధించారు. ఈ రెండు మాటలనూ కలిపి చూడాలి. సంపాదన కోసం చేతులు శ్రమించాలి. ఆ సంపాదనకు మనసు బానిస కాకూడదు.

భయం చేసే కీడు

గడ్డుకాలంలో మనిషిని ముందుగా పట్టుకునేది ఆకలి కాదు, ఆకలి గురించిన భయం. అల్ బఖరా సూరా 268వ ఆయతు ఈ భయం మూలాన్ని చెబుతుంది. షైతాన్ మనిషిని పేదరికంతో బెదిరిస్తాడు, సిగ్గుమాలిన పనులకు పురికొల్పుతాడు. అల్లాహ్ తన మన్నింపును, అనుగ్రహాన్ని వాగ్దానం చేస్తాడు. బెదిరింపు, చెడ్డపని - ఈ రెండూ ఒకేచోట పేర్కొనబడటం గమనించాలి. భయపడ్డ మనిషి తూకంలో తగ్గిస్తాడు, పనివాడి కూలి ఆపుతాడు, అబద్ధమాడతాడు, తోబుట్టువు వాటా మింగుతాడు. అజ్ఞానకాలపు అరబ్బులలో కొందరు పేదరిక భయంతో కన్నబిడ్డలనే చంపేవారు. అల్ అన్ఆమ్ 151వ ఆయతు, అల్ ఇస్రా 31వ ఆయతు ఈ ఘోరాన్ని నిషేధిస్తూ, తల్లిదండ్రులకూ బిడ్డలకూ ఉపాధినిచ్చేవాడు అల్లాహ్‌యేనని గుర్తుచేశాయి.

భయం బజారును కూడా పాడుచేస్తుంది. కరువు వస్తుందన్న మాట వినగానే ఉన్నవారు అవసరానికి మించి కొని ఇంట్లో దాస్తారు, వర్తకుడు సరుకు మరుగుచేస్తాడు, ధర పెరుగుతుంది, రోజుకూలి మీద బ్రతికేవాడికి ఆ పూట గింజ దొరకదు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ ప్రకటన వెలువడిన రోజుల్లో పప్పులు, నూనెల కోసం జనం దుకాణాలకు ఎగబడటం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ధర పెరగాలని ఆహారాన్ని నిల్వచేసి దాచడాన్ని 'ఇహ్తికార్' అంటారు. అలా చేసేవాడు పాపాత్ముడని సహీహ్ ముస్లిం గ్రంథంలోని హదీసు స్పష్టం చేసింది. ఇంటి వాడకానికి కొంత ముందుగా కొని పెట్టుకోవడం దీని క్రిందికి రాదు. అయితే పొరుగువాడికి దక్కకుండా పోయేటంత కొనడం విశ్వాసికి తగిన పని కాదు.

భయానికి విరుగుడు 'తవక్కుల్', అనగా అల్లాహ్‌పై భరోసా. భరోసా అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కాదు. ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) ఒక వ్యక్తికి సలహా ఇచ్చారు. పక్షులు ప్రొద్దున ఖాళీ కడుపుతో వెళ్లి సాయంత్రం నిండిన కడుపుతో తిరిగివస్తాయని కూడా ఆయన ఉదహరించారు. పక్షి గూట్లో ఉండి తినడం లేదు; గూడు విడిచి వెళుతున్నది. రెండు ఉపమానాలలోనూ శ్రమ ఉంది, ప్రణాళిక ఉంది. వాటి వెనుక ఫలితాన్ని అల్లాహ్‌కు వదిలిన నిశ్చింత ఉంది.

ఉన్నదాన్ని లెక్కచూడటం

అబూ దావూద్ గ్రంథంలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనంగా ఒక సంఘటన ఉంది. ఒక అన్సారీ వ్యక్తి దైవప్రవక్త (స) వద్దకు వచ్చి సహాయం కోరాడు. ఆయన వెంటనే దానం చేయలేదు, మందలించనూ లేదు. ఇంట్లో ఏమున్నదని అడిగారు. ఒక ముతక దుప్పటి ఉందనీ, దాన్నే కొంత కప్పుకుని కొంత పరచుకుంటామనీ, నీళ్లు తాగే ఒక చెక్కపాత్ర ఉందనీ అతను చెప్పాడు. ఆ రెండింటినీ తెప్పించి ఆయన స్వయంగా వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్‌కు అడిగారు. ఇంకెవరైనా ఎక్కువ ఇస్తారా అని రెండు మూడుసార్లు అడగగా మరొకరు రెండు దిర్హమ్‌లిచ్చారు. ఒక దిర్హమ్‌తో ఇంటివారికి ఆహారం కొనమనీ, రెండవదానితో గొడ్డలి కొని తెమ్మనీ చెప్పారు. గొడ్డలికి తమ చేతులతోనే పిడి బిగించి, కట్టెలు కొట్టి అమ్ముకొమ్మని, 15 రోజులపాటు కనిపించవద్దని చెప్పి పంపారు. అతను తిరిగి వచ్చేనాటికి 10 దిర్హమ్‌లు సంపాదించాడు. వాటిలో కొంతతో బట్టలు, కొంతతో ఆహారం కొన్నాడు.

ఈ చిన్న సంఘటనలో గడ్డుకాలపు ఆర్థికశాస్త్రమంతా ఉంది. మొదటి మెట్టు ఇంట్లో ఉన్నదేమిటో నిజంగా తెలుసుకోవడం. రెండవది అక్కర తక్కువైన వస్తువును సిగ్గుపడకుండా అమ్మడం. మూడవది వచ్చిన సొమ్మును రెండు భాగాలు చేయడం - ఒకటి నేటి తిండికి, ఒకటి రేపటి సంపాదనకు. మొత్తం తిండికే ఖర్చుచేస్తే రేపు మళ్లీ చేయిచాచాలి. మొత్తం పనిముట్టుకే పెడితే ఇంటివారు నేడు పస్తుంటారు. నాలుగవది, సహాయపడేవాడు అవతలి మనిషి గౌరవం పోకుండా అతన్ని తన కాళ్లమీద నిలబెట్టడం. అదే హదీసులో యాచన ఎవరికి తగునో కూడా చెప్పబడింది: నేల కరిపించే దారిద్ర్యం ఉన్నవాడికి, భరించలేని అప్పు ఉన్నవాడికి, రక్తపరిహారం చెల్లించవలసి వచ్చి బాధపడేవాడికి. అంటే అవసరంలో సహాయం అడగటం పాపం కాదు. దాన్ని వృత్తిగా చేసుకోవడం తప్పు.

ముందుచూపుకు ఖుర్ఆన్‌లో ప్రసిద్ధమైన ఉదాహరణ యూసుఫ్ (అలైహిస్సలాం) చేసిన ఏర్పాటు. 12వ సూరా 47 నుండి 49 వరకు గల ఆయతులలో అది వివరంగా ఉంది. ఏడేళ్లు ఎడతెగక సేద్యం చేయాలి, కోసినదాన్ని తినడానికి కావలసిన కొద్దిపాటి మినహా వెన్నులతోనే నిల్వ ఉంచాలి, తరువాతి ఏడు కరువు సంవత్సరాలలో దాన్ని వాడాలి, అప్పుడు కూడా కొంత మిగుల్చుకోవాలి. ఏడేళ్లు కరువేనని ముందే తెలిసినా ఆ ప్రణాళికలో గాభరా లేదు. పంట రోజుల్లో పొదుపు, కరువు రోజుల్లో కొలిచి వాడకం ఉన్నాయి. నెలజీతంతో బ్రతికే చిన్న కుటుంబానికైనా, సీజను వ్యాపారంతో బ్రతికే కుటుంబానికైనా ఇదే సూత్రం వర్తిస్తుంది. రంజాన్ మాసంలో నాలుగు రూపాయలు చూసే బట్టల వర్తకుడు ఆ నాలుగింటిని పన్నెండు నెలల సొమ్ముగా లెక్కించాలి గాని ఒక్క నెల సొమ్ముగా కాదు.

ఇంటి ఖర్చులో మధ్యేమార్గం

చేతిని మెడకు కట్టివేసుకోవద్దు, పూర్తిగా చాచివేయనూ వద్దు అన్నది అల్ ఇస్రా 29వ ఆయతు సారాంశం. కరుణామయుని నిజదాసులు దుబారా చేయరు, పిసినారితనం చూపరు, రెంటికీ నడుమ నిలుస్తారని అల్ ఫుర్ఖాన్ 67వ ఆయతు వర్ణిస్తుంది. అత్తలాఖ్ సూరా 7వ ఆయతు కలిగినవాడు తన కలిమి కొద్దీ, ఉపాధి కుదించబడినవాడు తనకు లభించిన కొద్దీ ఖర్చుచేయాలని ఆదేశించి, కష్టం తరువాత సౌలభ్యం కలుగుతుందని ఓదార్చింది. అల్లాహ్ ఎవరిపైనా ఇచ్చినదానికి మించిన భారం మోపడని ఆ ఆయతులోనే ఉంది. అల్లాహ్ మోపని భారాన్ని బంధువులు మోపినప్పుడు దాన్ని వద్దనడానికి విశ్వాసికి ధైర్యం ఉండాలి.

ఖర్చుకు ఒక వరుస ఉంది. ఒక దీనార్ ఉందని అడిగిన వ్యక్తికి, ముందు తనపై, పిదప సంతానంపై, భార్యపై, సేవకునిపై ఖర్చుచేయమని దైవప్రవక్త (స) వరుసగా చెప్పినట్టు హదీసులో ఉంది. తిండి, అద్దె, మందులు, పిల్లల చదువు - ఇవి విధులు. పెళ్లిళ్లలో పదిరకాల వంటకాలు, పండుగకు ఖరీదైన బట్టలు, పొరుగింటితో పోటీ - ఇవి విధులు కావు. గడ్డుకాలంలో విధిని తగ్గించి పోటీని నిలుపుకునే కుటుంబాలు లేకపోలేదు. పిల్లవాడి ఫీజు కట్టకుండా మేనకోడలి పెళ్లికి కానుక తీసుకుపోయే తండ్రి ఉదారుడు కాడు. అతను లోకులకు భయపడుతున్నాడు.

వివాహాల విషయంలో ఈ భయం మరీ ఎక్కువ. షరీఅత్‌లో నికాహ్‌కు మహర్ చెల్లించవలసినవాడు వరుడు. వధువు తండ్రి నుండి కట్నం గాని, జోడా పేరిట రొక్కం గాని తీసుకునే ఆచారానికి ధర్మంలో చోటులేదు. అయినా ఆదాయం పడిపోయిన తండ్రి వడ్డీకి అప్పుతెచ్చి ఈ ఆచారాన్ని పోషిస్తున్నాడు. ఒక నిషిద్ధాన్ని నిలబెట్టడానికి మరొక నిషిద్ధంలో కాలుపెట్టడమంటే ఇదే. కష్టకాలం ఒకందుకు మేలు కూడా చేయగలదు: మసీదులో నికాహ్, ఇంటిమటుకు వలీమా అనే సాదా పద్ధతిని నలుగురిలో నామోషీ లేకుండా మొదలుపెట్టడానికి అది అవకాశమిస్తుంది.

ఇంటివారికి నిజం చెప్పడం మధ్యేమార్గంలో ముఖ్యమైన భాగం. చాలామంది పురుషులు ఆదాయం తగ్గిన సంగతిని భార్యకు కూడా తెలియనివ్వరు. మాటలో చిరాకు మాత్రం తెలుస్తుంది, కారణం తెలియదు. నెలకు వచ్చేదెంత, ఇవ్వవలసినదెంత అని ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకుంటే సగం కలహం అక్కడే తీరుతుంది. పిల్లలకు కూడా వారి వయసుకు తగినంత చెప్పవచ్చు. ఇప్పుడు కొనలేమన్న మాటలో అవమానం లేదు.

ఇక్కడ ఒక హక్కును మరువరాదు. భార్య మహర్, ఆమె పుట్టింటి నగలు ఆమె సొంత ఆస్తి. కుటుంబ పోషణ భర్త బాధ్యత. ఇబ్బంది వచ్చిందని ఆమె ఇష్టం లేకుండా నగలు తాకట్టు పెట్టే అధికారం భర్తకు లేదు. అన్నిసా 4వ ఆయతు ప్రకారం ఆమె మనస్ఫూర్తిగా ఇస్తేనే అది అతనికి ధర్మసమ్మతం. అప్పుగా ఇచ్చిందా, కానుకగా ఇచ్చిందా అన్నది కూడా తేల్చుకోవాలి, అప్పయితే తీర్చాలి. మరోవంక, భార్య ఇష్టపూర్వకంగా చేసే సహాయానికి గొప్ప విలువ ఉంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) భార్య జైనబ్ (రజి) తన సొమ్మును పేదవాడైన భర్తపై, తన పోషణలోని అనాథలపై ఖర్చుచేయవచ్చునా అని అడిగించగా, ఆమెకు రెండింతల పుణ్యమనీ, ఒకటి బంధుత్వానికి, మరొకటి దానానికి అనీ దైవప్రవక్త (స) సమాధానమిచ్చారు.

అప్పు - మర్యాదలు, ప్రమాదాలు

అప్పు తీసుకోవడం తలవంపు కాదు. దైవప్రవక్త (స) పరమపదించిన నాటికి ఆయన కవచం 30 సాఅల బార్లీ నిమిత్తం ఒక యూదుని వద్ద తాకట్టులో ఉందని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అరేబియా అంతటా మాట చెల్లే నాయకుని ఇంట్లో గింజల కోసం కవచం తాకట్టుపెట్టవలసి వచ్చింది. ఆయన దాన్ని దాచలేదు, వడ్డీకి పోలేదు. లేమిని అవమానంగా భావించేవారు తలచుకోవలసిన సంగతి ఇది.

అయితే అప్పును తేలికగా తీసుకోరాదు. దైవప్రవక్త (స) నమాజులో అప్పు నుండి శరణు వేడేవారు. కారణమడిగితే, అప్పులపాలైన మనిషి మాట్లాడితే అబద్ధమాడతాడనీ, మాటిస్తే తప్పుతాడనీ వివరించారు. అప్పు సొమ్ముతోపాటు శీలాన్నీ తింటుందన్నమాట. మదీనా తొలిరోజుల్లో మూడు దీనార్ల అప్పు మిగిల్చి మరణించిన ఒక వ్యక్తికి జనాజా నమాజు చేయించడానికి ఆయన ముందుకు రాలేదు. ఆ అప్పు తాను తీరుస్తానని హజ్రత్ అబూ ఖతాదా (రజి) పూచీపడిన తరువాతనే చేయించారు. తరువాతి కాలంలో ప్రభుత్వానికి సొమ్ము సమకూరినప్పుడు, అప్పు మిగిల్చి మరణించిన విశ్వాసి ఋణాన్ని తామే తీరుస్తామని ప్రకటించారు. మొదటి సంఘటనలో అప్పు తీవ్రత, రెండవదానిలో సమాజం బాధ్యత తెలుస్తున్నాయి.

ఖుర్ఆన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయతు అల్ బఖరా 282. అది అప్పు పత్రం గురించి. గడువు నిర్ణయించి రాసుకోవాలి, సాక్షులుండాలి, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించరాదు. అన్నదమ్ముల మధ్య కాగితమెందుకని మనవాళ్లు మొహమాటపడతారు. ఆ మొహమాటమే పదేళ్ల తరువాత అన్నదమ్ములను కోర్టుకెక్కిస్తుంది.

దానికి కొంచెం ముందున్న 280వ ఆయతు, అప్పు తీసుకున్నవాడు ఇబ్బందిలో ఉంటే పరిస్థితి మెరుగుపడేవరకు గడువివ్వమనీ, మాఫీ చేస్తే మరింత మేలనీ చెబుతుంది. ఈ గడువు ఎలాంటిదో ఇటీవలి అనుభవంతో పోల్చి చూడవచ్చు. 2020 మార్చి 27న భారతీయ రిజర్వు బ్యాంకు అప్పుల వాయిదాలకు మూడు నెలల విరామం ప్రకటించింది. తరువాత దాన్ని ఆగస్టు 31 వరకు పొడిగించింది. వాయిదా ఆగింది, వడ్డీ ఆగలేదు. విరామకాలపు వడ్డీ మీద వడ్డీ వేయడం గురించి వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2021 మార్చి 23న కోర్టు ఆ కాలానికి వడ్డీ మీద వడ్డీ వసూలు చేయరాదని తీర్పుచెప్పింది. అసలు వడ్డీ మాత్రం నిలిచింది. అంటే విశ్రాంతి దొరికిన కొద్దీ భారం పెరిగింది. ఖుర్ఆన్ చెప్పిన గడువులో కాలం గడిచినా అప్పు ఒక్క పైసా పెరగదు.

వడ్డీ అప్పు పీడన తెలుగునాట కొత్త కాదు. సూక్ష్మరుణ సంస్థల వారంవారీ వసూళ్ల ఒత్తిడి, ఋణగ్రస్తుల ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. నేడు సెల్‌ఫోను యాప్‌ల ద్వారా నిమిషాలలో అప్పు దొరుకుతున్నది. దొరకడం సులువైన కొద్దీ చిక్కుకోవడం సులువవుతున్నది. పోయిన సొమ్మును ఒక్క రాత్రిలో తిరిగి తెచ్చుకోవాలనే ఆశతో ఆన్‌లైన్ పందేలలో దిగేవారు మరో గోతిలో పడుతున్నారు. ఇలాంటి ఆటలను నిషేధిస్తూ తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించాయి. జూదం షైతాన్ పని అని అల్ మాయిదా 90వ ఆయతు పద్నాలుగు శతాబ్దాలకు పూర్వమే ప్రకటించింది.

అప్పుల బాధలో ప్రాణం తీసుకోవాలనే తలంపు కలిగినవారికి అన్నిసా 29వ ఆయతు మరీ ముఖ్యమైనది. ఒకరి సొమ్ము ఒకరు అక్రమంగా తినవద్దన్న ఆదేశం, మీ ప్రాణాలు మీరు తీసుకోవద్దన్న ఆదేశం ఆ ఒక్క ఆయతులోనే ఉన్నాయి. అల్లాహ్ మీపట్ల కరుణ గలవాడన్న మాటతో అది ముగుస్తుంది. ఆ తలంపు వచ్చిన మనిషి ఒంటరిగా ఉండక వెంటనే తనవారితో చెప్పుకోవాలి, వైద్యుని సహాయం తీసుకోవాలి. అప్పు ఎంతటిదైనా దానికి పరిష్కారం ఉంది. మస్జిదె నబవీలో హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) తన బాకీ కోసం ఇబ్ను అబీ హద్రద్ (రజి)తో గొంతు పెంచి వాదులాడుతుండగా దైవప్రవక్త (స) తమ గది తెర తొలగించి, సగం వదులుకొమ్మని కఅబ్‌కు సైగచేశారు. ఆయన ఒప్పుకోగానే, లేచి మిగతాది తీర్చమని రెండవవారితో చెప్పారు. మధ్యవర్తి, కొంత మాఫీ, తక్షణ చెల్లింపు - ప్రతి మొహల్లాలోనూ పెద్దలు చేయగలిగిన పని ఇది.

ఇచ్చే చేయి ముడుచుకోరాదు

దైవభీతిపరుల లక్షణాలలో మొదటిదిగా ఆలి ఇమ్రాన్ 134వ ఆయతు పేర్కొన్నది కలిమిలోనూ లేమిలోనూ ఖర్చుచేయడం. లేమిలో ఇవ్వగలిగేది కొద్దిగానే ఉండవచ్చు. ఇచ్చే అలవాటు మాత్రం చావకూడదు. ఇవ్వడం మానేసిన మనసు తన దగ్గర ఏమీ లేదని నమ్మడం మొదలుపెడుతుంది; అది నిజంగా లేకపోవడం కంటే ప్రమాదకరం.

యమన్‌కు చెందిన అష్అరీ తెగవారి అలవాటును దైవప్రవక్త (స) మెచ్చుకున్నారు. యుద్ధయాత్రలో గాని, మదీనాలో గాని ఆహారం తరిగినప్పుడు వారు తమ వద్దనున్నదంతా ఒకే గుడ్డలో పోసి, ఒకే పాత్రతో కొలిచి సమానంగా పంచుకునేవారు. వారు నావారు, నేను వారివాడిని అన్న భావంతో ఆయన వారిని తమతో కలుపుకున్నారు. తరిగినప్పుడు దాచుకోవడం మానవ సహజం. తరిగినప్పుడు కలపడం విశ్వాస లక్షణం.

పాలకుల స్థాయిలో దీనికి హజ్రత్ ఉమర్ (రజి) కాలపు కరువు సాక్ష్యం. హిజ్రీ 18వ సంవత్సరంలో (క్రీ.శ. 639) హిజాజ్‌లో వర్షాలు లేక భూమి బూడిదలా మారింది, ఆ ఏటికి 'ఆముర్ రమాదహ్', బూడిద సంవత్సరం అని పేరు వచ్చింది. ఎడారి తెగలు మదీనా చుట్టూ చేరాయి. ఉమర్ (రజి) ఇతర ప్రాంతాల గవర్నర్లకు రాసి ఆహారం తెప్పించారు, సామూహిక వంటలు ఏర్పాటుచేశారు. ప్రజలకు దొరికేవరకు నెయ్యి తిననని ఒట్టుపెట్టుకుని నూనెతో సరిపెట్టుకున్నారు. పశువులపై జకాత్ వసూలును ఆ ఏడు ఆపి, వర్షాలు పడిన తరువాతనే రాబట్టారని ఉల్లేఖించబడింది. ఇవ్వలేనివాడికి గడువు, ఇవ్వగలవాడి నుండి తరలింపు, పాలకునికి ప్రజలతో సమానమైన తిండి - ఈ మూడింటితో ఆ సమాజం కరువును దాటింది.

జకాత్ విషయంలో గడ్డుకాలపు సందేహాలు కొన్ని ఉన్నాయి. తెలుగు ప్రాంతాల ముస్లిములలో అధికులు అనుసరించే హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం నిసాబ్ బంగారంలో ఏడున్నర తులాలు (87.48 గ్రాములు), వెండిలో యాభై రెండున్నర తులాలు (612.36 గ్రాములు). చెల్లించవలసిన అప్పులు తీసివేయగా మిగిలిన నగదు, బంగారం, వెండి, వ్యాపార సరుకుల విలువ నిసాబ్‌కు చేరి చాంద్రమాన సంవత్సరం గడిస్తే నూటికి రెండున్నర వంతు విధి. ఆదాయం తగ్గినంత మాత్రాన జకాత్ తప్పదు. దానికి ఆధారం జీతం కాదు, చేతనున్న ఆస్తి. బీరువాలో నగలుండి నెలసరి ఇబ్బంది పడే కుటుంబంపై కూడా హనఫీ మతం ప్రకారం అది విధి కావచ్చు. అలాగే నిన్నటి దాత నేడు అప్పులతో మునిగి నిసాబ్ కోల్పోతే అతనే జకాత్‌కు అర్హుడవుతాడు. అత్తౌబా 60వ ఆయతు చెప్పిన ఎనిమిది పద్దులలో ఋణగ్రస్తులు ఒకటి. నిన్న ఇచ్చిన చేయి నేడు పుచ్చుకోవడంలో సిగ్గులేదు. ఆ వ్యవస్థ ఏర్పడిందే అందుకు.

వడ్డీలేని అప్పు, ఖర్జె హసన్, కూడా సామూహికంగా నిర్వహించదగినదే. 20వ శతాబ్ది పూర్వార్ధంలో హైదరాబాదు రాజ్యంలో ఉద్యోగులు, చేతివృత్తులవారు చిన్నచిన్న వాటాలు వేసుకుని వడ్డీలేని పరపతి సంఘాలు నడిపారు. హైదరాబాదులో జన్మించిన సుప్రసిద్ధ పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908-2002) ఈ సంఘాల గురించి ప్రత్యేకంగా రాశారు. పెద్ద పెట్టుబడి లేకుండా, నమ్మకం, సక్రమమైన లెక్కలు అనే రెండింటితో అలాంటి సంఘాలు నడుస్తాయి. ఇరవై ఇళ్లున్న ఏ మొహల్లా అయినా దీన్ని మొదలుపెట్టవచ్చు. ఆస్పత్రి ఖర్చుకో, పనిముట్టుకో అవసరమైన కొద్దిపాటి సొమ్ము సమయానికి దొరికితే ఒక కుటుంబం వడ్డీవ్యాపారి గడప తొక్కవలసిన పనిలేదు.

ముగింపు

అల్ బఖరా 155వ ఆయతు భయంతో, ఆకలితో, ధన ప్రాణ ఫలాల నష్టంతో పరీక్ష తప్పదని ముందుగానే తెలియజేసి, సహనం వహించేవారికి శుభవార్త వినిపించింది. సహనమంటే మౌనంగా కుమిలిపోవడం కాదు. ఉన్నదాన్ని లెక్కచూడటం, ఇంటివారితో నిజం చెప్పడం, విధిని ముందు, వేడుకను వెనుక పెట్టడం, అప్పును రాసుకోవడం, వడ్డీకి దూరంగా ఉండటం, ఇబ్బందిలో ఉన్నవాడికి గడువివ్వడం, చేతిలో ఒక ఖర్జూరమే ఉన్నా అందులో సగం పంచడం - ఇదంతా సహనమే. తనకంటే పైవాడిని గాక క్రిందివాడిని చూడమని దైవప్రవక్త (స) చెప్పింది, ఉన్న వరాలు చిన్నవిగా కనిపించకుండా ఉండటానికే.

ధనం వస్తుంది, పోతుంది. వచ్చినప్పుడు అహంకరించనివాడు, పోయినప్పుడు కుంగనివాడు దానికి యజమాని. తక్కినవారిని అదే ఏలుతుంది. అల్లాహ్ మనందరికీ ధర్మసమ్మతమైన ఉపాధిని, అప్పు భారం నుండి విముక్తిని, లేమిలోనూ చాచగలిగే చేతిని ప్రసాదించుగాక! ఆమీన్.